ఫ్లూ సూది కోసం పదమూడు రోజులు: నా అనుభవం

ఆగస్టు 4న డాక్టరమ్మ చీటీ రాసింది. ఆగస్టు 17న సూది పడింది. మధ్యలో రెండు సిరంజీలు కొన్నాం, ఒకటి చెత్తబుట్టలో పడింది, మా అత్తమ్మ పింఛన్ డబ్బులు అయిపోయాయి. సూది వేయడానికి పట్టింది మాత్రం ఒక్క నిమిషం, అది కూడా దూదితో భుజం తుడవడం కలిపి.

కడుపుతో ఉన్నప్పుడు ఫ్లూ సూది వేయించుకోవాలా, ఎక్కడ దొరుకుతుంది, ఏమైనా అవుతుందా అని ఇప్పటికి నలుగురు నన్ను అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. ఇది 2023 సంగతి. ఫైలు ముందు పెట్టుకుని రాస్తున్నాను కాబట్టి తేదీలు సరిగ్గానే ఉంటాయి.

నేను హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. జూలైలో నాకు ఆరో నెల. వానలు మొదలయ్యాయంటే క్లాసులో సగం బెంచీలు దగ్గుతుంటాయి. సర్ది పట్టిన పిల్లలు నోట్‌బుక్ దిద్దించుకోవడానికి వచ్చి సరిగ్గా నా పొట్ట పక్కనే నిలబడి తుమ్ముతారు. పక్కకు తిరిగి తుమ్మాలని చెప్తే, తిరిగి పక్కనున్న పిల్లాడి మీద తుమ్ముతారు. అప్పటికి నాకు అదంతా నవ్వులాటగానే ఉండేది.

జూలై 28, శుక్రవారం నాకు చెకప్. 27నే మా ఊరు మునిగింది. ఆ వాన ఎవరూ మర్చిపోయి ఉండరు. భూపాలపల్లి దిక్కున మోరంచపల్లి ఊరికి ఊరే నీళ్లలో చిక్కుకుంది, ఇక్కడ నయీంనగర్ నాలా పొంగి కాలనీల మీద పడింది, 29న భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మా గల్లీలో మోకాళ్ల లోతు నీళ్లు. మేముండేది పై అంతస్తు కాబట్టి సామాన్లు తడవలేదు. కింద అద్దెకుండేవాళ్లు పిల్లలతో సహా రెండు రాత్రులు మా ఇంట్లోనే పడుకున్నారు. రెండు గదుల్లో తొమ్మిది మందిమి, కరెంటు లేదు, కిటికీ తీస్తే దోమలు, మూస్తే ఉక్కపోత. వాళ్ల చిన్నోడికి అప్పటికే జ్వరం, దగ్గు. నీళ్లు తీశాక వాళ్లు కిందికి వెళ్లిపోయారు, జ్వరం మాత్రం మా ఆయన దగ్గర ఆగింది. నాలుగు రోజులు హాల్లో చాప వేసుకుని పడుకున్నాడు. నేను ముక్కుకు చున్నీ కట్టుకుని గుమ్మం దగ్గర అన్నం పెట్టి వచ్చేదాన్ని.

చెకప్ ఆగస్టు 4కు వాయిదా పడింది. ఫీజు 400, టోకెన్ 23, పిలిచేసరికి రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటలూ చుట్టూ దగ్గులే. డాక్టరమ్మ బీపీ చూసి, పాప గుండె చప్పుడు విని, "ఇంట్లో ఎవరికైనా జ్వరాలున్నాయా?" అని అడిగింది. మా ఆయన సంగతి చెప్పాను. కార్డు తిప్పి చూసింది. టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసేది) రెండు డోసులూ ఏప్రిల్‌లో ఒకటి, మేలో ఒకటి మా బస్తీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే అయ్యాయి. "26 వారాలు దాటాయి కదా, ఫ్లూది కూడా వేయించుకోండి" అని చీటీ మీద రాసింది. బయట మందుల షాపులో కొనుక్కుని తెస్తే ఇక్కడ సిస్టర్ వేస్తుందట. ఎంతవుతుందంటే, రెండు వేల దాకా.

నాకొచ్చిన మొదటి ఆలోచన దాచుకోకుండా చెప్తాను. ఇందులో ఈవిడకు కమీషన్ ఉంటుందేమో అనుకున్నాను. సర్కారు సూదులు అన్నీ ఫ్రీగా వేస్తుంటే, అక్కడ లేని సూది మనకెందుకు అని. అందుకే కుర్చీలోంచి లేవకుండా అడిగాను. బయట ఇంకా పదిమంది ఉన్నా ఆవిడ విసుక్కోలేదు, అది ఆవిడ గొప్పతనం.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. ఫ్లూ టీకా ఆరు నెలల లోపు పిల్లలకు వేయరు. ఫ్లూ వస్తే ఎక్కువ అవస్థ పడేవాళ్లలో ఆ ఆరు నెలల లోపు పిల్లలే ముందుంటారు. పిల్లకు వేయలేం కాబట్టి తల్లికి వేస్తారు. తల్లి ఒంట్లో రెండు వారాల్లో యాంటీబాడీలు, అంటే జబ్బుతో పోరాడే బలం, తయారవుతాయి, అవి మాయ దాటి కడుపులో బిడ్డకు చేరతాయి. చివరి మూడు నెలల్లో అలా దాటేవి ఎక్కువ. పుట్టాక తల్లిపాలల్లో కొంత వెళ్తుంది. బిడ్డకు చేరిన బలం శాశ్వతం కాదు, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. కానీ సరిగ్గా ఆ టీకా వేయలేని నెలలకే మనకు అది కావాల్సింది.

"మీ కోసం కూడా" అంది ఆఖర్న. కడుపు పెరిగేకొద్దీ ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది, మామూలు మనిషికి నాలుగు రోజుల జ్వరంతో పోయేది గర్భిణికి న్యుమోనియా దాకా వెళ్లొచ్చు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు గర్భిణులు ఎంత ఇబ్బంది పడ్డారో తన కళ్లతో చూశానంది. అందులో బతికున్న వైరస్ ఉంటుందా అని అడిగితే, ఈ సూదిలో ఉండదు, ముక్కులో కొట్టే రకంలో ఉంటుంది, అది గర్భిణులకు ఇవ్వం అంది. నెలల గురించి కూడా అడిగాను. ఇక్కడ గైనకాలజిస్టులు ఎక్కువగా 26 వారాలు దాటాక ఇస్తారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఏ నెలలోనైనా ఇవ్వొచ్చంటుందట.

ఆ రాత్రి ఫోన్లో వెతికాను. బంగ్లాదేశ్‌లో 340 మంది తల్లుల మీద చేసి 2008లో ప్రచురించిన పరిశోధన ఒకటి కనిపించింది. ఆఖరి మూడు నెలల్లో ఫ్లూ సూది వేయించుకున్న తల్లుల పిల్లల్లో, పరీక్షలో తేలిన ఫ్లూ మొదటి ఆరు నెలల్లో 63 శాతం తక్కువ. ఆ తర్వాత దక్షిణాఫ్రికాలో చేస్తే దాదాపు సగం, నేపాల్‌లో చేస్తే 30 శాతమే వచ్చింది. ఈ శాతాల దగ్గర చాలామంది తడబడతారు, మా స్టాఫ్‌రూమ్‌లో కూడా తడబడ్డారు. 63 శాతం అంటే వందమంది పిల్లల్లో 63 మందికే పనిచేసిందని కాదు. సూది లేకపోతే పదిమందికి ఫ్లూ వచ్చేదనుకుంటే, సూది ఉంటే దాదాపు నలుగురికి వచ్చిందని. నేపాల్ లెక్క ప్రకారమైతే ఏడుగురికి. ఒక్కో ఏడు ఒక్కో రకం వైరస్ తిరుగుతుంది కాబట్టి అన్ని చోట్లా ఒకే అంకె రాదు. నాకు నేపాల్ అంకె చాలనిపించింది. రెండు వేలకు పదిలో మూడు తగ్గుతాయంటే నేను కాదనను.

అంకెలు నాకు సరిపోయాయి కానీ ఇంట్లో సరిపోలేదు.

అత్తమ్మ ఒక్కటే మాట. "మా కాలంల ధనుర్వాతం సూది ఒక్కటే ఏసెటోళ్లు. గిప్పుడు గీ సర్దికి గూడ సూదేందే? కడుపుల పిల్లకు ఏమన్నయితే ఎవలది బాధ్యత?" పరకాల దగ్గర మా తల్లిగారింటికి ఫోన్ చేస్తే అమ్మ కూడా అదే పాట. బాపు ఫోన్ లాక్కుని, "డాక్టరమ్మ చెప్పినంక మీ ఇద్దరిదేంది లొల్లి" అన్నాడు, కానీ వెంటనే "ఇంకొక డాక్టర్ను గూడ అడుగు బిడ్డా" అని కలిపాడు. ఇంకొకరిని అడగలేదు కానీ మర్నాడు, శనివారం, ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం అక్కను అడిగాను. "మా దగ్గర టీడీ వరకే వస్తది మేడం, ఫ్లూది సర్కారు సప్లైలో లేదు. ఏసుకుంటే మంచిదే, మా దవాఖాన స్టాఫ్‌ల కొందరు ఏసుకుంటరు" అంది. ఆ మాటతో అత్తమ్మ కొంచెం మెత్తబడింది. డాక్టర్ చెప్పినదానికంటే ఏఎన్ఎం అక్క చెప్పింది మా ఇంట్లో ఎక్కువ చెల్లుతుంది, ఎందుకంటే ఆమె మా గల్లీలోకి నడిచి వస్తుంది.

ఆగస్టు 7, సోమవారం సాయంత్రం మా ఆయన షాపు మూసేసి వస్తూ సూది కొనుక్కొచ్చాడు. మూడు షాపులు తిరిగితే మూడోదాంట్లో దొరికిందట. 1,900 రూపాయలు. ఐస్ ప్యాక్ మధ్య పెట్టి ఇచ్చారు. నేను డబ్బా తిప్పి చూశాను: 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అప్పటికి రాత్రి ఎనిమిదిన్నర, క్లినిక్‌లో సిస్టర్ వెళ్లిపోయింది. పొద్దున పోదాంలే అని ఫ్రిజ్‌లో మధ్య అరలో పెట్టి పడుకున్నాను.

పొద్దున ఆ అరలో లేదు.

అత్తమ్మ రాత్రి నీళ్లకు లేచి చూసిందట. "ఐస్‌ల పెట్టి ఇచ్చిండ్రు గదా, గీడ పెడితే కరాబయితదని డీప్‌ల పెట్టిన" అంది. రెండువందల రూపాయల చికెన్ కవర్ పక్కన, గడ్డకట్టిన సిరంజి. నేనేమీ అనలేకపోయాను. ఆమె మంచికే చేసింది, నాకంటే జాగ్రత్తగా ఉన్నాననుకుంది. మా ఆయన మాత్రం, "బయట పెడితే కరుగుతది, ఏమైతది?" అన్నాడు. అరగంటలో నిజంగానే కరిగింది. చూడటానికి మామూలుగానే ఉంది, లోపల ముక్కలు ముక్కలుగా ఏమీ కనిపించలేదు. ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. క్లినిక్‌లో ఈ సంగతి చెప్పకుండా సిరంజి చేతికివ్వాలని నాకు ఒక నిమిషం అనిపించింది. 1,900 అంటే నా జీతంలో చిన్న ముక్కేం కాదు.

సిస్టర్ సిరంజి చేతిలోకి తీసుకుంటూనే, "రాత్రి ఎక్కడ పెట్టారు?" అని అడిగింది. అందరినీ అడుగుతుందట. చెప్పేశాను. ఆమె సిరంజిని బల్ల మీద పెట్టేసి లోపలికి వెళ్లొచ్చింది. గడ్డకట్టిన టీకా కరిగాక చూడటానికి ఎంత బాగున్నా అది పనిచేస్తుందని నమ్మలేం, వేయకూడదు, పారేయాలి. వేడి తగిలినా పాడవుతుంది, గడ్డకట్టినా పాడవుతుంది. మనవాళ్లందరికీ మొదటిది తెలుసు, రెండోది తెలియదు. మా వారం రోజులు మునిగింది అక్కడే.

ఇంటికొచ్చి సంగతి చెప్తే అత్తమ్మ ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం పోపుల డబ్బా వెనకాల నుంచి బట్టసంచి తీసి నాలుగు ఐదువందల నోట్లు నా చేతిలో పెట్టింది. అప్పట్లో ఆమెకు నెలకు వచ్చే ఆసరా పింఛనే 2,016 రూపాయలు. వద్దంటే వినలేదు. నాలుగు రోజుల క్రితం సూదే వద్దన్న మనిషి, ఇప్పుడు "తొందరగ దెచ్చుకో, పిల్లకు బలం రావాలె" అంటోంది. ఆమె మనసు మార్చింది డాక్టరమ్మ చెప్పిన విషయమా, పారేసిన 1,900 రూపాయలా అని ఇప్పటికీ నాకు సందేహమే.

డబ్బులున్నాయి, సరుకు లేదు. వరదల తర్వాత ఊరంతా జ్వరాలు కావడంతో పిల్లలకు, పెద్దవాళ్లకు కొనేవాళ్లు పెరిగారట. హనుమకొండ చౌరస్తా నుంచి ఎంజీఎం పెద్దాసుపత్రి ముందున్న మందుల షాపుల దాకా తిరిగాం. ఒకచోట ఉందన్నారు కానీ నేను డబ్బా చూస్తే అది అంతకుముందు ఏడాదికి చేసింది, గడువు ఆ నెలాఖరుకే. ఫ్లూ వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి ఏటా టీకాను మారుస్తారు, ఏ సీజన్‌కు చేసిందో డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆ అక్షరాలు మాత్రం చీమ తలకాయంత ఉంటాయి, ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదవాలి. ఇంకో షాపాయనను, వరదలప్పుడు కరెంటు పోయిన రోజుల్లో ఫ్రిజ్ ఎలా నడిచిందని అడిగాను. ఇన్వర్టర్ మీద అన్నాడు. నమ్మాలో వద్దో తెలియలేదు, వెనక్కి వచ్చేశాను. ఆయన నిజమే చెప్పి ఉండొచ్చు.

చివరికి క్లినిక్ సిస్టరే ఒక దారి చెప్పింది. క్లినిక్ కింద ఉన్న మందుల షాపులో డబ్బు కట్టి పేరు రాయిస్తే హైదరాబాద్ నుంచి తెప్పిస్తారు, వచ్చిన రోజు నేరుగా పైకి తీసుకొస్తారు, మన ఇంటి ఫ్రిజ్ దాకా రానే అక్కర్లేదు. ఈ ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఆగస్టు 10న డబ్బు కట్టాను. మధ్యలో ఆదివారం, ఆగస్టు 15 సెలవు. 16 సాయంత్రం ఫోన్ వచ్చింది.

ఆగస్టు 17, గురువారం. 28 వారాల ఒక రోజు. స్కూల్లో ఒక పూట సెలవు. ఎడమ భుజానికి వేశారు, వేసిన ఫీజు 100. చీమ కుట్టినట్టు కూడా లేదు, టీడీ ఇంతకంటే నొప్పి పెట్టింది. అరగంట కూర్చోబెట్టారు. నా కార్డులో టీడీకి గడి ఉంది, ఫ్లూకు లేదు. సిస్టర్ మార్జిన్‌లో తేదీ రాసి, సిరంజి డబ్బా మీది బ్యాచ్ నంబర్ చీటీ ఊడదీసి పక్కన అతికించింది. వాళ్లు మర్చిపోతే అడిగి అతికించుకోండి. తర్వాత ఆ చీటీని పిల్లల డాక్టర్ రెండుసార్లు అడిగాడు.

ఆ రాత్రి భయపడ్డాను. ఏడింటికి చెయ్యి బరువెక్కింది, ఒళ్లు నొప్పులు, థర్మామీటర్‌లో 99.6. ఇవన్నీ ఉంటాయని చెప్పారు కాబట్టి పర్వాలేదు. కానీ పదకొండు గంటలకు మెలకువ వచ్చి, పాప కదలట్లేదనిపించింది. నిజంగా కదలలేదో, సూది సంగతి మనసులో పెట్టుకుని నేనే అలా అనుకున్నానో. మా ఆయనను లేపలేదు. లేపితే అత్తమ్మ లేస్తుంది, అత్తమ్మ లేస్తే గల్లీ లేస్తుంది. వంటింట్లోకి వెళ్లి ఇంత పెరుగన్నం తిని, నీళ్లు తాగి, ఎడమ పక్కకు తిరిగి పడుకుని లెక్కపెట్టాను. రెండు గంటల్లో పది కదలికలు రావాలని, రాకపోతే ఏ రాత్రయినా ఫోన్ చేయమని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. నలభై నిమిషాల్లో పది వచ్చాయి. పదకొండోది గట్టి తన్ను. చీకట్లో ఒక్కదాన్నే ఏడ్చాను. రెండో రోజు సాయంత్రానికి చెయ్యి నొప్పి కూడా పోయింది.

కోరింత దగ్గు రాకుండా వేసే టీడ్యాప్ సెప్టెంబర్ మొదటి వారంలో వేయించుకున్నాను, 1,500 చిల్లర అయింది. రెండూ ఒకే రోజు వేయొచ్చన్నారు, డబ్బు కోసం నేనే విడగొట్టుకున్నాను. అప్పటికి అత్తమ్మ నాతో పాటు క్లినిక్‌కు వచ్చి సిస్టర్‌తో ముచ్చట్లు పెట్టేదాకా వచ్చింది. అక్టోబర్‌లో బతుకమ్మ, సద్దుల రోజు గుంపులో ఆడకుండా పక్కన కుర్చీలో కూర్చున్నాను. అది నాకు సూది కంటే పెద్ద కష్టం.

నవంబర్ 4న పాప పుట్టింది. 2 కిలోల 800 గ్రాములు. కాన్పు కథ వేరే, అది ఇక్కడ వద్దు.

పుట్టాక మొదలయ్యేది ఇంకో పోరాటం, చుట్టాలతో. డిశ్చార్జి అప్పుడు పిల్లల డాక్టర్ చెప్పింది మూడు మాటలు: సర్ది, దగ్గు ఉన్నవాళ్లు దగ్గరికి రావద్దు, వచ్చినవాళ్లు చేతులు కడుక్కోవాలి, ముద్దులు వద్దు. వినడానికి ఎంత తేలిక! పిల్లను చూడటానికి అంత దూరం నుంచి వచ్చిన మేనత్తను చేతులు కడుక్కోమంటే, "నా చేతులకేమైంది?" అంటుంది. ఇరవై ఒకటో రోజు తొట్టెలకు నలభై మంది వచ్చారు. గుమ్మం దగ్గర స్టూలు మీద సబ్బు, బకెట్, మగ్గు పెట్టి మా ఆయనను నిలబెట్టాను. ఎన్నికల రోజులు కదా, "ఓటేసేటప్పుడు గూడ ఇంత తనిఖీ ఉండదు" అని మా బాబాయి ఎగతాళి చేశాడు. చేస్తే చేశాడు, చేతులైతే కడుక్కున్నాడు. స్నానం చేయించాక సాంబ్రాణి పొగ పట్టడం దగ్గర మాత్రం అత్తమ్మతో వారం రోజులు మాటల్లేవు. పొగ ముక్కులోకి పోకూడదని డాక్టర్ అన్నాడు, పొగ లేకపోతే జుట్టు ఆరదని ఆమె. చివరికి గదిలో కాకుండా వాకిట్లో, పాప లేకుండా, పాప బట్టలకు పొగ పట్టేలా రాజీ అయ్యాం. అది కూడా పూర్తిగా సరైంది కాదని నాకు తెలుసు.

ఇంట్లోవాళ్లు కూడా ఫ్లూ సూది వేయించుకుంటే పాపకు మంచిదని అక్టోబర్‌లోనే చెప్పారు. మా ఆయన వేయించుకున్నాడు. అత్తమ్మ, "నాకెందుకు, ముసల్దాన్ని" అంది. నిజానికి ఆమెకు షుగర్ ఉంది, మా అందరికంటే ముందు ఆమెకే కావాల్సింది.

ఫిబ్రవరిలో మేడారం జాతర, 21 నుంచి 24 దాకా. కాన్పు సుఖంగా అయితే పాప ఎత్తు బంగారం (అక్కడ బెల్లాన్నే బంగారం అంటారు) ఇస్తానని అత్తమ్మ మొక్కుకుంది. పాపను ఎత్తుకుని పోవాలన్నది ఆమె కోరిక. మూడున్నర నెలల పిల్లను ఆ జనంలోకి పంపనన్నాను. నాకు సమ్మక్క తల్లి మీద భక్తి లేక కాదు, నేనూ చిన్నప్పుడు బాపు భుజాల మీద వెళ్లినదాన్నే. ఫిబ్రవరి 10న 14 వారాల టీకాలకు వెళ్లినప్పుడు ఆరోగ్య కేంద్రంలో తూకం 5 కిలోల 900 వచ్చింది. అత్తమ్మ ఆరు కిలోల బెల్లం కొంది, "నూరు గ్రాములు తల్లికి ఎక్కువనే పోనీ" అని. ఆమె, మరిది, ఆడబిడ్డ కలిసి హనుమకొండ నుంచి ఆర్టీసీ స్పెషల్ బస్సులో వెళ్లి 24న తిరిగొచ్చారు. ప్రసాదం బెల్లంతో పాటు దగ్గు కూడా తెచ్చారు.

26న అత్తమ్మకు 102 జ్వరం. షుగర్ ఉందని డాక్టర్ వెంటనే ముక్కులోంచి శాంపిల్ తీయించాడు, మర్నాడు ఇన్‌ఫ్లుయెంజా ఏ, అంటే ఫ్లూనే, అని వచ్చింది. ఫ్లూకు ఇచ్చే ఒసెల్టామివిర్ గోలీలు ఐదు రోజులు. ఆమె వెనక గదిలోకి వెళ్లి తనే గొళ్లెం పెట్టుకుంది. పాప ఏడుపు వినిపిస్తే లోపల నుంచి ఆమె ఏడ్చేది. 27న మా ఆయనకు జ్వరం, సూది వేయించుకున్నా వచ్చింది, రెండు రోజుల్లో తగ్గింది. 28న నాకు గొంతునొప్పి, దగ్గు. నేను వేయించుకుని ఆరు నెలలు దాటింది. మాస్కు పెట్టుకుని పాలివ్వడం ఆపలేదు, ఆపొద్దనే చెప్పారు.

అదే రోజు రాత్రి పాప ముక్కు దిబ్బడేసింది. 99.4. పాలు తాగుతూ మధ్యలో వదిలేసి ఊపిరి కోసం ముఖం పక్కకు తిప్పుకుంటోంది. నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆశా అక్క ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చి చొక్కా ఎత్తి నిమిషం పాటు పొట్ట చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు నిమిషానికి 50 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆగకుండా దవాఖానకు పోవాలి. 44 వచ్చింది. గంట తర్వాత 42. మళ్లీ 45. ఆ రాత్రి ఎన్నిసార్లు లెక్కపెట్టానో నాకే లెక్కలేదు. పొద్దున, ఫిబ్రవరి 29, పిల్లల డాక్టర్ దగ్గర గంటన్నర కూర్చున్నాం. ఛాతీ విన్నాడు, డొక్కలు ఎగరట్లేదు, ఆక్సిజన్ బాగుందన్నాడు. నా కార్డు మార్జిన్‌లో ఉన్న ఆ చీటీ చూసి తలూపాడు. ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు తప్ప వేరే మందు రాయలేదు. పాలు తాగకపోయినా, డొక్కలు ఎగిరినా, ఊపిరి 50కి చేరినా అర్ధరాత్రయినా రమ్మన్నాడు. వెళ్లాల్సిన అవసరం రాలేదు. మార్చి 3కి ముక్కు తెరుచుకుంది.

సూది వల్లే ఇలా తేలిగ్గా పోయిందని రాయడానికి నాకు చెయ్యి రావట్లేదు. పాపకు టెస్టు చేయలేదు, తనకు వచ్చింది ఫ్లూనో, ఉత్త సర్దో తెలియదు. నా నుంచి వెళ్లిన బలం నాలుగో నెలకు ఎంత మిగిలిందో కూడా తెలియదు. ఒక్క ఉదాహరణతో సూత్రం రుజువు కాదని పిల్లలకు నేనే రోజూ చెప్తాను. ఆ రాత్రి ఊపిరి లెక్కపెడుతున్నప్పుడు, నా చేతిలో ఉన్నది చేశానన్న ఒక్క మాట మాత్రం నాకు పట్టుకోవడానికి దొరికింది. చేయకపోయి ఉంటే అదే 44 నాకు ఇంకోలా వినిపించేది.

మే 4కు పాపకు ఆరు నెలలు నిండాయి. ఇక తనకే సూది వేయొచ్చు. మొదటి ఏడాది నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. కొత్త సీజన్ సరుకు వచ్చాక వేద్దామన్నాడు డాక్టర్, మే 25కు కుదిరింది. ఎండ మండిపోతోంది. ఈసారి షాపు నుంచి క్లినిక్‌కు పది నిమిషాల దారే, అయినా అత్తమ్మ నాతో పాటు బయల్దేరింది, చేతిలో చిన్న థర్మోస్ డబ్బా. షాపబ్బాయి ఐస్ ప్యాక్ పెట్టబోతే ఆపింది.

"డైరెక్ట్ ఐస్‌కు ఆనొద్దు నాయనా, మధ్యల గుడ్డ ఎయ్యి" అంది. తర్వాత సిరంజి డబ్బా చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసి, "గడ్డ గట్టలే గదా?" అని అడిగి, "ఇంకొకటుంటే ఇయ్యి, నాకు గూడ" అంది.

అబ్బాయి ఫ్రిజ్ తెరిచి చూశాడు. ఒకటే ఉందట. అత్తమ్మ పేరు రాసుకున్నాడు. పాప రెండో డోసు జూన్ 22న, ఆమెది కూడా అప్పుడే.